పెన్సిల్ చుక్కలు: గ్రూప్-1 వ్యాసం కోసం తెలుగు రాయడం నేర్చుకున్న ఆరు నెలలు

మొదటి వ్యాసం తిరిగి చేతికొచ్చినప్పుడు దాని మీద ఎర్ర సిరా లేదు. మార్కులు లేవు, కొట్టివేతలు లేవు. ఎడమ మార్జిన్‌లో పెన్సిల్‌తో పెట్టిన పదకొండు చుక్కలున్నాయి, అంతే. "చదువుకుంట పోతుంటే ఎక్కడెక్కడ ఆగి మళ్ల ఎనక్కి పోయిన్నో అక్కడ చుక్క పెట్టిన. ఎందుకు ఆగిన్నో నువ్వే చెప్పు" అన్నారు సార్. పదకొండింట్లో నాలుగింటికే కారణం చెప్పగలిగాను. మిగతా ఏడు చోట్లా నా కంటికి అంతా సరిగ్గానే ఉంది. రాయడం నేర్చుకోవడానికి గురువు కావాలా అని ఎవరైనా అడిగితే ముందు ఆ ఏడు చుక్కల సంగతే చెబుతాను.

గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాయాలనుకునేవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పద్ధతిలో మొదటి పేపరు మొత్తం జనరల్ ఎస్సే. 150 మార్కులు, మూడు గంటలు. మూడు సెక్షన్లుంటాయి, ఒక్కోదాంట్లో మూడేసి అంశాలు. ప్రతి సెక్షన్ నుంచి ఒకటి ఎంచుకుని రాయాలి. వ్యాసానికి 50 మార్కులు, వెయ్యి మాటల హద్దు. యూపీఎస్సీ సివిల్స్‌లో అయితే రెండు వ్యాసాలు, ఒక్కొక్కటి 125 మార్కులు, 1000 నుంచి 1200 మాటలు. అదీ తెలుగులో రాయొచ్చు. మిగతా పేపర్లలో విషయం తెలిసుంటే వాక్యం కాస్త కుంటినా నెట్టుకురావచ్చు. వ్యాసంలో ఆ వీలు తక్కువ. పైగా బడిలో మనకు వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని గైడులోది బట్టీ కొట్టడమే అలవాటు చేశారు. అందుకే డిగ్రీ అయ్యాక కూడా సొంత వాక్యంతో పేజీ నింపమంటే చెయ్యి ఆగిపోతుంది.

సార్ దగ్గరికి వెళ్లకముందు నాలుగు నెలలు సొంతంగా సాధన చేశాను. అందులో రెండు పనులు బాగా ఉపయోగపడ్డాయి. వాటికి గురువు అక్కర్లేదు.

ఒకటి అక్షరదోషాలు పోగొట్టుకోవడం. చిన్న నోటుబుక్కు, నిఘంటువు ఉంటే చాలు. ఆంధ్రభారతి సైటులో ఒక మాట కొడితే బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం మొదలుకొని చాలా నిఘంటువుల్లోని అర్థాలు ఒకేచోట వస్తాయి. అనుమానం వచ్చిన ప్రతి మాటనూ అక్కడ తేల్చుకుని నోటుబుక్కులోకి ఎక్కించాను. ఎక్కువ తప్పులు ఒత్తుల దగ్గరే దొరికాయి. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం, రెండింటినీ కలిపేసేవాణ్ని. దృఢమైన అనాల్సిన చోట ధృడమైన, ఉచ్చారణకు ఉచ్ఛారణ, విద్యార్థికి విధ్యార్ధి. ఇంకో గుంపు అనవసరంగా 'త' చేరినవి: ప్రాధాన్యత, నైపుణ్యత, ప్రావీణ్యత. ప్రధానం నుంచి ప్రాధాన్యం, నిపుణుడి నుంచి నైపుణ్యం వచ్చేశాక వాటికి మళ్లీ 'త' తగిలించడమంటే చొక్కా మీద చొక్కా తొడగడమే. సంప్రదాయాన్ని సాంప్రదాయం అని రాయడం కూడా ఇలాంటిదే. సాంప్రదాయిక అనే విశేషణంలో దీర్ఘం ఉంది కదా, అది ఇటు పాకింది. పత్రికల్లో ప్రాధాన్యత రోజూ కనిపిస్తుంది కాబట్టి దానికి మార్కులు పోతాయని అనను, కానీ భాష తెలిసినవాళ్ల కన్ను అక్కడ పడుతుంది.

రెండోది జ్ఞాపకం నుంచి తిరగరాయడం. సంపాదకీయంలో 80, 100 మాటలున్న పేరా ఒకటి తీసుకుని, రెండుసార్లు చదివి, మూసేసి, పది నిమిషాలాగి సొంతంగా రాయాలి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. నా పేరా ప్రతిసారీ అసలుదానికంటే పొడుగొచ్చేది. ఎందుకా అని చూస్తే గుట్టంతా క్రియల దగ్గరే ఉంది. వాళ్లు 'తగ్గించింది' అన్నచోట నేను 'తగ్గించడం జరిగింది' అంటున్నాను. వాళ్లు 'పరిశీలించాలి' అంటే నేను 'పరిశీలన చేయాల్సిన ఆవశ్యకత ఎంతైనా ఉంది' అంటున్నాను. వారానికి మూడు పేరాల చొప్పున నెలన్నర చేస్తే ఈ జబ్బు చాలావరకు తగ్గింది.

పనికిరానివి మాదిరి వ్యాసాలు బట్టీ పట్టడం, కొటేషన్లు పోగేయడం. నగరీకరణ మీద ఒక వ్యాసం నోటికొచ్చి ఉంటుంది. పరీక్షలో మాత్రం 'నగరం పల్లెను పోషిస్తోందా, పల్లె నగరాన్ని పోషిస్తోందా' లాంటి మెలికతో అడుగుతారు. బట్టీ పట్టింది శీర్షికకు జవాబు చెబుతుంది, మెలికకు చెప్పదు. ఒక కోచింగ్ సెంటర్ టెస్ట్ సిరీస్‌లో ఎనిమిది వ్యాసాలు కూడా రాశాను. మూడేసి వారాలకు తిరిగొచ్చేవి. మీద '22/50, కంటెంట్ బాగుంది, ప్రజెంటేషన్ మెరుగుపరచుకోండి' అని ఉండేది. ఏ పేజీలో, ఏ వాక్యంలో మెరుగుపరచుకోవాలో తెలిసేది కాదు. ఆ జాప్యం మరీ చేటు. ఒక వాక్యాన్ని అలా ఎందుకు కట్టామో మూడు నాలుగు రోజులే గుర్తుంటుంది. ఆలోపు ఎవరైనా వేలెత్తి చూపితే మళ్లీసారి అక్కడికి రాగానే చెయ్యి దానంతటదే ఆగుతుంది. మూడు వారాల తర్వాత చూపితే అది ఎవరో పరాయివాళ్లు రాసిన కాగితంలా ఉంటుంది.

సార్ హనుమకొండలో ఉంటారు, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. వ్యాసానికి 300 రూపాయలు తీసుకునేవారు, తిరగరాసింది చూడటం కూడా అందులోనే. మొదటిరోజే పద్ధతి చెప్పేశారు. వారానికి ఒకటే వ్యాసం, 400 మాటలు మించకూడదు. కాగితానికి ఒకవైపే, గీత విడిచి గీత రాయాలి. ఎడమపక్క మూడు వేళ్ల మార్జిన్ వదలాలి. బుధవారం సాయంత్రం ఇస్తే శనివారం 40 నిమిషాలు మాట్లాడతారు. సోమవారంలోగా అదే వ్యాసాన్ని పాత కాగితం చూడకుండా మళ్లీ రాయాలి.

పరీక్షలో వెయ్యి మాటలు కదా, 400 ఎందుకని అడిగాను. నీ తప్పు నాలుగు వందల మాటల్లోనే నాలుగుసార్లు కనబడుతుంది, వెయ్యి మాటల్లో పదిసార్లు చూడటం వల్ల నీకు కొత్తగా తెలిసేదేముంది అన్నారు. పాత కాగితం చూడొద్దన్నదానికి కారణం నాకు మూడో వారానికి అర్థమైంది. చూస్తూ తిరగరాస్తే పాత వాక్యానికి అతుకులు వేస్తాం, చట్రం అలాగే ఉండిపోతుంది. చూడకపోతే ఆలోచన మొదటినుంచీ మళ్లీ మాటల్లోకి రావాలి. ఆరు నెలల్లో 21 వ్యాసాలు రాశాను, 18 తిరగరాశాను. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఈ తిరగరాతలోనే జరిగింది. తిరగరాయని మూడు వ్యాసాల తప్పులు తర్వాత చాలాకాలం వెంటాడాయి.

ఈ చుక్కలు ఎలా పనిచేస్తాయో ఐదో వ్యాసంలోని ఒక పేరాతో చూపిస్తాను. అంశం చెరువులు. నేను రాసింది ఇది:

"నేటి ఆధునిక సమాజంలో నీటి యొక్క ప్రాముఖ్యత ఎంతో ఉంది. ప్రాచీన కాలం నుండి చెరువులు గ్రామీణ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముకగా నిలుస్తూ వస్తున్నాయి. కాకతీయుల కాలంలో అనేక చెరువులు నిర్మించబడ్డాయి. అయితే పాలకుల నిర్లక్ష్యం కారణంగా చెరువులు నిరాదరణకు గురై, పూడికతో నిండిపోయి, ఆక్రమణలకు లోనై, రైతులు తీవ్ర ఇబ్బందులను ఎదుర్కొనడం జరుగుతోంది."

నాలుగు వాక్యాలకు మూడు చుక్కలు. మొదటి చుక్క మొదటి వాక్యం దగ్గర. 'యొక్క' వల్ల అనుకుని అదే చెప్పాను. "సరే, యొక్క తీసెయ్. ప్రాముఖ్యత కూడ ప్రాముఖ్యం చెయ్. ఇప్పుడు చదివినోనికి ఏం తెలిసింది?" అన్నారు. ఏమీ తెలియలేదు. నీటి అన్నచోట విద్య అని పెట్టినా, రోడ్లు అని పెట్టినా ఆ వాక్యం అలాగే నిలబడుతుంది. అప్పటినుంచి ప్రతి వ్యాసంలో మొదటి పేరాను ఇలా పరీక్షించుకుంటున్నాను: అసలు నామవాచకం తీసి ఇంకోటి పెట్టినా వాక్యం చెక్కుచెదరకపోతే దాన్ని కొట్టేయాలి. ఉపోద్ఘాతాల్లో సగం ఇలాగే ఎగిరిపోతాయి.

రెండోది 'అనేక చెరువులు నిర్మించబడ్డాయి' దగ్గర. కర్మణి ప్రయోగం తెలుగుకు బరువు. ఎవరు చేశారో తెలిస్తే వాళ్ల పేరుతో చెప్పాలి, తెలియకపోతే కర్త లేకుండానే 'కట్టారు', 'తవ్వించారు' అంటే సరిపోతుంది. మన భాషలో ఆ వెసులుబాటు ఉంది. ఇక్కడ ఇంకో లోటు కూడా ఉంది. రామప్ప, పాకాల, లక్నవరం పేర్లు నాకు తెలుసు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడనీ, చెరువు ఆ పక్కనే ఉందనీ తెలుసు. అంత తెలిసీ 'అనేక' అని రాశాను. తెలిసిన పేరు దాచి 'అనేక' అంటే చదివేవాళ్లు తెలియదనే అనుకుంటారు.

మూడో చుక్క చివరి వాక్యానిది. గురై, నిండిపోయి, లోనై అన్న మూడు క్త్వార్థకాలకూ, అంటే వాక్యాన్ని ముగించని క్రియలకూ, కర్త చెరువులు. చివరికొచ్చేసరికి ఇబ్బంది పడుతున్నది రైతులు. 'చేసి, వెళ్లి, చూసి' లాంటి రూపాలకూ వాక్యం చివరి క్రియకూ కర్త ఒకటే ఉండాలన్నది తెలుగు వాక్యానికి మామూలు కట్టుబాటు. 'నేను బస్టాండుకు వెళ్లి బస్సు వెళ్లిపోయింది' అని ఎవరూ అనరు, 'వెళ్లేసరికి' అంటారు. 'వాన కురిసి చెరువు నిండింది' అని మాత్రం అంటాం, ఎందుకంటే మొదటిది రెండోదానికి నేరుగా కారణం. మాట్లాడేటప్పుడు ఈ తేడా నాలుకకే తెలుసు. రాసేటప్పుడు వాక్యం నలభై మాటలకు సాగితే మొదట ఎవరితో మొదలుపెట్టామో మనకే గుర్తుండదు.

తర్వాత సార్ కాగితం పక్కన పెట్టి అడిగారు, "చెరువుల నీళ్లు పొలానికెట్ల పోతయి?" కాలువలో అన్నాను. కాలువలోకి? తూము ద్వారా. "మరి నీ వ్యాసంల తూమేది? నీళ్లు ఎక్కువైతే ఎటు పోతయి? మీ ఊర్ల దాన్ని అలుగంటరా, మత్తడంటరా?" మాది మత్తడి. కట్ట, తూము, మత్తడి, చెరువులో నీళ్లు నిలిచే శిఖం భూమి, ఆయకట్టు, నీళ్లు పంచే నీరటి. ఈ మాటలన్నీ చిన్నప్పటినుంచీ వింటున్నవే. ఒక్కటి కూడా నా కాగితం మీదికి రాలేదు. వ్యాసానికి వేరే భాష ఉంటుందనీ, ఊళ్లో మాట్లాడేది అందులో పనికిరాదనీ నాకు తెలియకుండానే నమ్మాను. ఆరు నెలల్లో సార్ నాకు చేసిన మేలు ఒకటే చెప్పమంటే ఆ నమ్మకాన్ని పోగొట్టడం అంటాను.

సోమవారం నాటికి ఆ పేరా ఇలా వచ్చింది:

"వాన నీటితోపాటు చెరువులోకి మట్టీ వస్తుంది, ఏటా కొంత అడుగున పేరుకుంటుంది. ఎండాకాలం ఊరివాళ్లు ఆ ఒండ్రును బండ్లకెత్తి పొలాలకు తోలుకున్నంతకాలం చెరువు లోతు నిలిచింది. రసాయన ఎరువులు వచ్చాక ఒండ్రుతో పని తగ్గింది. బోర్లు వచ్చాక తూము ఎప్పుడు తెరుస్తారా అని రైతు ఎదురుచూడటం మానేశాడు. నీళ్లు పంచే నీరటికి పంట మీద ఇచ్చే వాటా ఆగింది. ఎవరికీ అవసరం లేని చెరువులో పూడిక పెరిగింది, తూము నోరు మూసుకుపోయింది, ఎండిన శిఖంలో ఇళ్లు లేచాయి."

'పాలకుల నిర్లక్ష్యం' అన్న మాట ఇందులో లేదు, అయినా చెరువు ఎలా పాడైందో వరసగా తెలుస్తుంది. దీని తర్వాత 2015లో మొదలైన మిషన్ కాకతీయ, 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్న దాని లక్ష్యం చెబితే అవి తమ చోట్లో కూర్చుంటాయి. పూడిక తీశాక మళ్లీ నిండకుండా చూసేదెవరు అన్న ప్రశ్న కూడా సహజంగా వస్తుంది. మొదటి రూపంలో అదే అంకెను ఎక్కడ పెట్టినా అతికించినట్టే ఉండేది.

తర్వాతి వారాల్లో ఎక్కువ చుక్కలు తెచ్చుకున్న తప్పు నామవాచకం ముందు విశేషణాలు పేర్చడం. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. చదివేవాళ్లు అప్పటిదాకా వచ్చినదంతా మోసుకుంటూ చివరిదాకా నడవాలి. వలసల మీద రాసిన వ్యాసంలో నా వాక్యం ఇది: "2005లో పార్లమెంటు ఆమోదించిన, గ్రామీణ కుటుంబాలకు ఏడాదికి వంద రోజుల పనికి హామీ ఇచ్చిన, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించిన ఉపాధి హామీ పథకం వలసలపై ప్రభావం చూపింది." దేని గురించి చెబుతున్నానో పథకం పేరు వచ్చేదాకా తెలియదు. నామవాచకం ముందు ఇలాంటి విశేషణ వాక్యం ఒకటికి మించొద్దు, రెండోదాన్ని విడి వాక్యం చెయ్ అన్నారు సార్. విడగొడుతుంటే ఇంకో సంగతి బయటపడింది. బండ్లపల్లి పేరు ఈ వ్యాసంలో ఎందుకు? తెలుసు కాబట్టి రాశాను, అంతే. కరువు వల్ల వలసలు సాగే అనంతపురం జిల్లాలోనే పథకం మొదలైందని చెబితే ఆ పేరుకు ఇక్కడ పని ఉంటుంది. తేదీ ఆ వాదనకు అక్కర్లేదు, తీసేశాను.

ఈ పాఠం తలకెక్కించుకుని ఎనిమిదో వ్యాసంలో అన్నీ ఐదారు మాటల వాక్యాలే రాశాను. చుక్కలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. "ఒకటో తరగతి వాచకం లెక్కుంది" అన్నారు. కారణం, ఫలితం విడివిడి వాక్యాల్లో ఉంటే వాటి మధ్య సంబంధాన్ని చదివేవాళ్లే కల్పించుకోవాలి. అలాంటివాటిని 'తగ్గడంతో', 'ఎండితే', 'వచ్చేసరికి' లాంటి రూపాలతో ఒకే వాక్యంలో ముడివేయాలి. విడదీయాల్సింది ఒకదానితో ఒకటి సంబంధం లేనివాటిని.

అయితే, కాగా, అంతేకాకుండా, కాబట్టి. ఈ నాలుగింటికీ ఒక మంచి అభ్యాసం ఉంది. వ్యాసం పూర్తయ్యాక వీటన్నింటినీ పెన్సిల్‌తో కొట్టేసి మళ్లీ చదవాలి. ఎక్కడ ఏ లోటూ లేదో అక్కడ ఆ మాట అనవసరం. ఎక్కడ తెగినట్టు అనిపిస్తుందో అక్కడ రెండు వాక్యాల నడుమ ఒక ఆలోచన జారిపోయిందన్నమాట. ముందు దాన్ని రాయాలి. నేను 'అయితే' అని మొదలుపెట్టిన వాక్యాల్లో చాలావాటికి ముందు వాక్యంతో ఏ వైరుధ్యమూ లేదు. పేరా మారిందని చెప్పడానికి వాడానంతే.

పరీక్ష సమయం గురించి క్లుప్తంగా. నా చేతివేగం నిమిషానికి 12 మాటలతో మొదలై 15కు వచ్చి ఆగింది. గంటలో పది నిమిషాలు ప్రణాళికకు, ఐదు నిమిషాలు చదువుకోవడానికి పోతే 45 నిమిషాల్లో 650, 700 మాటలు రాయగలను. వెయ్యి అనేది పైహద్దు, చేరి తీరాల్సిన గురి కాదని గ్రహించాక చేతికి తొందర తగ్గింది. ప్రణాళికలో పేరా పేర్లను మాటలుగా రాసుకోకూడదు, పూర్తి వాక్యాలుగా రాసుకోవాలి. 'బోర్లు' అని రాసుకుంటే ఆ పేరాలో బోర్ల గురించి తోచిందంతా వస్తుంది. 'బోర్లు వచ్చాక చెరువు మీద ఊరి పట్టు పోయింది' అని రాసుకుంటే పేరా దారి తప్పదు. ఆరు వాక్యాలు అలా రాసుకుని వరసగా చదివితే అదే వ్యాసం సారాంశం కావాలి. కాకపోతే వరస మార్చాలి. మొదటి పేరా ఏం రాయాలన్నది ఈ ఆరూ రాసుకున్నాకే తేల్చుకోవాలి.

సార్ సాయం చేయలేని చోట్లు కూడా ఉన్నాయి. గురువు కోసం వెతికేవాళ్లు ఇవి ముందే తెలుసుకోవడం మంచిది.

నున్నగా సాగే వాక్యంలో తప్పుంటే ఆయనకు దొరకదు. స్థానిక సంస్థల మీద రాస్తూ 73వ రాజ్యాంగ సవరణను పార్లమెంటు 1993లో ఆమోదించిందని రాశాను. ఆమోదించింది 1992 డిసెంబరులో, అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. ఆ వాక్యం పక్కన చుక్క లేదు, ఎందుకంటే చదవడానికి ఏ అడ్డూ లేదు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివిన స్నేహితుడు పట్టుకున్నాడు. భాష చూసేవాళ్లు, విషయం చూసేవాళ్లు ఇద్దరూ కావాలి. ఇద్దరూ ఒకరే కావడం అరుదు.

సార్‌కు వ్యాసం పద్యంతో మొదలైతే ఇష్టం. 'యందు', 'కలదు' లాంటివి ఆయనకు అడ్డనిపించవు, వేమన పద్యం ఒకటి తగిలించమని రెండు మూడుసార్లు చెప్పారు. ఇక్కడ మాత్రం నేను ఆయన మాట వినలేదు. పరీక్ష రచనలో వాడుకభాష రాయవచ్చా అన్న వాదన 1910ల్లోనే గట్టిగా జరిగింది. గిడుగు రామమూర్తి, గురజాడ ఒకవైపు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పండితులు ఇంకోవైపు నిలబడ్డారు. ఇప్పుడు ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. మళ్లీ 'కలదు' దగ్గరికి పోవాల్సిన పని లేదు. గురువు అభిరుచి వేరు, ఆయన చదివే తీరు వేరు. చుక్కను తీసుకోవాలి, దానికి ఆయన చెప్పే మందు మనకు సరిపడితేనే తీసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం నాలుగో నెలలో వచ్చింది. చుక్కలు పదకొండు నుంచి రెండు మూడుకు దిగాయి. బాగుపడ్డానని అనుకున్నాను. నిజానికి చుక్క వస్తుందనుకున్న చోటల్లా ఆలోచననే వదిలేస్తున్నాను. కష్టమైన వాదన ఎత్తుకోకపోతే వాక్యం తడబడదు కదా. సార్ కనిపెట్టారు. "చుక్కల్లేవు గని, చదివినంక యాదికేం ఉంటలేదు" అన్నారు. ఆ వారం నుంచి చుక్కతోపాటు చిన్న ప్రశ్నార్థకం కూడా పెట్టడం మొదలైంది: ఇక్కడ ఇంకా చెప్పాల్సి ఉంది, తప్పించుకున్నావు అని దాని అర్థం. చివరి రెండు నెలల్లో చుక్కలు మళ్లీ ఐదారుకు పెరిగాయి, వ్యాసాలు బాగుపడ్డాయి.

గురువు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలంటే, సొంతంగా కనీసం పది వ్యాసాలు రాశాక. అంతకుముందు వెళితే ఆ 40 నిమిషాలూ ఒత్తులు, దీర్ఘాలు దిద్దడానికే సరిపోతాయి. పరీక్షకు రెండు నెలలే మిగిలుంటే వెళ్లొద్దు. పాత అలవాటు పోయి కొత్తది కుదురుకోకముందే పరీక్ష వస్తుంది, ఉన్న వేగం కూడా పోతుంది. ఎవరిని ఎంచుకోవాలో తెలియకపోతే ముందు ఒక్క పేజీ ఇచ్చి చూడాలి. మన వాక్యం కొట్టేసి తన వాక్యం రాసిచ్చేవారు ఎంత పండితులైనా మనకు ఉపయోగం తక్కువ. ఆ వాక్యం ఆయనకు వచ్చింది, మనకు రాలేదు. ఏఐతో దిద్దించుకోవడంలో ఉన్న చిక్కూ ఇదే: తప్పు ఎక్కడుందో మనం వెతుక్కోకముందే పేరా మొత్తం నున్నగా తిరిగొచ్చేస్తుంది. మనల్ని ప్రశ్న అడిగేవారు దొరికితే వదలొద్దు. దూరాన ఉంటే వాట్సాప్‌లో ఫొటో పంపినా నడుస్తుంది, కానీ ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇద్దరి చేతుల్లోనూ కాగితం ఉండాలి.

గురువు దొరకకపోయినా చుక్కల పద్ధతి ఆగదు. వ్యాసాన్ని గట్టిగా చదివి ఫోన్లో రికార్డు చేసుకుని, ఒకరోజు ఆగి, కాగితం చూస్తూ వింటే నాలుక ఎక్కడ తడబడిందో తెలుస్తుంది. టైపు చేసినదైతే ఫోన్ చేతే చదివించాలి. మన గొంతులోని ఒడుపు దానికి ఉండదు కాబట్టి లోపాలు బాగా బయటపడతాయి. అంతకంటే మేలు ఇంకొకరి చేత చదివించడం.

ఇప్పుడు మేం ముగ్గురం శనివారాలు కాగితాలు మార్చుకుంటున్నాం. మామూలు వేగంతో ఒక్కసారే చదవాలి, ఆగినచోట చుక్క పెట్టాలి, కారణం రాయకూడదు. రాసినవాళ్లు తమ ఊహ చెప్పాకే చుక్క పెట్టినవాళ్లు నోరు విప్పాలి. ఇందులో ఒక లోపం త్వరగానే తెలిసింది. ముగ్గురం ఒకే నోట్సు చదివినవాళ్లం కావడంతో 'వెన్నెముక', 'సమ్మిళిత వృద్ధి' లాంటివి కనబడినప్పుడు ఎవరమూ ఆగడం లేదు. అందుకని నాలుగో మనిషిగా మా వదినకు ఇస్తున్నాం. ఇంటర్ దాకా చదివింది, రోజూ పేపరు చూస్తుంది, ఈ పరీక్షలతో ఏ సంబంధమూ లేదు. 'సమ్మిళిత వృద్ధి' పక్కన పెద్ద చుక్క పెట్టి "అంటే ఏంది?" అని అడిగింది. ఆ వారం ముగ్గురమూ ఆ మాట వాడాం, ఒక్కరమూ వెంటనే చెప్పలేకపోయాం. 'పెరిగిన సంపదలో పేదవాళ్లకూ వాటా దక్కడం' అని తేల్చడానికి పావుగంట పట్టింది. ఇప్పుడు ఆ మాట మొదటిసారి వచ్చినచోట ముగ్గురమూ దాని పక్కనే ఈ వివరణ కూడా రాస్తున్నాం.